ఒక రాత్రి బస – దేహళీ ధర్మము

కాంచీపురమునకు వెలుపల, పాలారు నదికి పోవు దారిలో ఓరిక్కై అను గ్రామము కలదు. 'ఓరిరవిరుక్కై' అను అరవ మాటయే వాడుకలో ఓరిక్కై అయినదని పెద్దలందురు. ఒక రాత్రి ఉన్న చోటు అని దాని అర్థము. అచ్చట ఒక రాత్రి ఉన్నవాడు సామాన్యుడైన బాటసారి కాడు. కంచిలో తిరువెక్కా దివ్యదేశమున శేషతల్పముపై పవళించియున్న శ్రీమన్నారాయణుడే ఆ బాటసారి.

ఆ కథ శ్రీవైష్ణవుల ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. తిరుమళిశై ఆళ్వారుల శిష్యుడైన కణికణ్ణుడు నరస్తుతి చేయుటకు అంగీకరింపనందున పల్లవరాజు అతనిని నగరము విడిచి పొమ్మనెను. శిష్యుడు లేని ఊరిలో ఆళ్వారులు నిలువలేకపోయిరి. స్వామి సన్నిధికేగి, తామును వెడలిపోవుచున్నామని, స్వామియు శేషతల్పమును చుట్టుకొని తమ వెంట రావలెనని విన్నవించుకొనిరి. స్వామి అట్లే చేసెను. ఆ రాత్రి వారు ఊరి వెలుపల గడపిరి. రాజు పశ్చాత్తాపముతో వచ్చి వేడుకొనగా మరల కంచికి వచ్చిరి. భక్తుడు చెప్పినట్లు చేసినవాడు గనుక స్వామికి యథోక్తకారి అను పేరు కలిగెను.

ఈ కథలో స్వామి సౌలభ్యమును అందరును కొనియాడుదురు. దానితోపాటు గమనింపదగిన సూక్ష్మము మరొకటి కలదు. స్వామికి పడక ఉన్నది. అది ఎవరును కాదనలేని ఆయన సొత్తు. అయినను దానిని చుట్టవలసిన సమయము వచ్చినప్పుడు ఆయన ఆలసింపలేదు. తనదైన పడకను ఎప్పుడు చుట్టవలెనో తెలిసికొనుటయే ధర్మములోని కష్టమైన పాఠము. ఒక రాత్రి కొరకు అద్దెగది తీసికొను ప్రతి యాత్రికునికి నేడు ఈ పాఠము ఎదురగుచున్నది.

అతిథి ఎవరు?

ఒక రాత్రి మాత్రము నిలుచువాడు అతిథి యని మనువు నిర్వచించెను. అతని ఉనికి నిత్యము కాదు గనుకనే ఆ పేరు. బస కోరి వచ్చినవానిని కాదనరాదని, దానిని ఒక వ్రతముగా పాటింపవలెనని తైత్తిరీయోపనిషత్తు విధించుచున్నది. నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు నిరాహారుడై యుండగా, తిరిగి వచ్చిన యముడు భయపడి, రాత్రికొకటి చొప్పున మూడు వరములిచ్చెను. ఎవని లెక్కయు తప్పనీయని ధర్మరాజు సైతము అతిథి కష్టపడిన రాత్రిని లెక్కలోనికి రాని రాత్రిగా తలంపలేదు.

అయితే కాలము మారినది. పూర్వము యాత్రికుడు సంజవేళ ఏదో ఒక ఇంటి అరుగుపై మూట దింపెడివాడు. లేక ధర్మసత్రము చేరెడివాడు. నేటి నగరములలో అరుగులు లేవు. ఇండ్లకు ఇనుప తలుపులు, వాటికి తాళములు. బస్సులు నిలుచు చోట్లు సైతము ఊరి నడుమనుండి ఊరి చివరకు జరిగినవి. చెన్నపట్టణమున దక్షిణపు జిల్లాలకు పోవు దూరప్రయాణపు బస్సుల కొరకు వండలూరు దగ్గర కిళాంబాక్కమున కట్టిన క్రొత్త బస్సు స్టాండు 2023 డిసెంబరు 30న ప్రారంభమైనది. సెంట్రల్ స్టేషనులో రైలు దిగిన తెలుగు యాత్రికులు శ్రీరంగమునకో, మరియొక దివ్యదేశమునకో బస్సులో పోదలచినచో 30 కిలోమీటర్లకు పైగా నగరమును దాటి అచ్చటికి చేరవలెను. రైలు ఆలస్యమైన రోజున ఆ ప్రాంతమున ఏదో ఒక చవుక హోటలులో తెల్లవారువరకు తల దాచుకొనక తప్పదు.

అట్టి హోటలు ఎట్లుండునో యాత్రికులకు తెలియనిది కాదు. వీధివైపు వెలుగుల పలక, ఇరుకైన మెట్లు, బల్ల వెనుక నిద్రమత్తుతోనున్న గుమాస్తా. ఆధారు కార్డు చూపి, పుస్తకములో పేరు వ్రాసి, పైకము ముందుగా చెల్లింపవలెను. గదిలో రెండు మంచములు, ఒక పంకా, ఒక బకెట్టు. కార్డు అడిగినందుకు కొందరు విసుగుకొందురు గాని అది నేటి వింత కాదు. ధర్మావసథములను నడుపువారు బాటసారుల రాకను అధికారికి తెలిపి, ఆ పిమ్మట బస ఈయవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమే చెప్పినది. ఆంగ్లేయుల కాలమున 1867లో వచ్చిన సరాయిల చట్టము సరాయి నడుపువాడు గదులను, నూతులను శుభ్రముగా ఉంచవలెనని, కావలివాండ్రను నియమింపవలెనని, అద్దెల పట్టికను ప్రదర్శింపవలెనని నిర్దేశించినది.

రాజశాసనము బస ఇచ్చువాని బాధ్యత చెప్పినది. అద్దె చెల్లించి తలుపు వేసికొన్నవానికి బాధ్యత ఏమైన మిగులునా? వెల ఇచ్చినచోట అతిథిధర్మము ఉండునా, లేక రసీదుతో అది తీరిపోవునా? ఇదియే ఇచ్చట విచారణీయమైన ప్రశ్న.

ఒక వానరాత్రి

గోదావరి ప్రాంతమునుండి ఒక గృహస్థుడు భార్యతోను, బడి చదువు చదువు కుమారునితోను తిరుక్కోవలూరు యాత్రకు బయలుదేరెను. తులామాసము. పొయ్‌గై ఆళ్వారు, పూదత్తాళ్వారు, పేయాళ్వారు అను ముదలాళ్వారుల తిరునక్షత్రములు ఆ మాసముననే వరుసగా వచ్చును. చెన్నపట్టణమున అది వానకాలము కూడ. రైలు ఆలస్యమై, కిళాంబాక్కము చేరునప్పటికి రాత్రి 11 గంటలు దాటెను. తెల్లవారుజామున విలుపురము బస్సు ఎక్కవచ్చునని వారొక చవుక హోటలులో గది తీసికొనిరి. అదియే అచ్చట మిగిలిన ఆఖరి గది. మెట్లు ఎక్కగానే మొదటి తలుపు వారిదే.

అర్ధరాత్రి దాటిన పిమ్మట క్రింద మాటలు వినవచ్చెను. గదులు నిండినవని గుమాస్తా చెప్పుచుండెను. మరియొక గొంతు తెలుగులో బతిమాలుచుండెను. "అమ్మకు మోకాళ్ళు పట్టుకొనిపోయినవి బాబూ. ఒక్క మూల చాలును. తెల్లవారగానే పోయెదము." వాన జోరుగా కురియుచున్నది. ఆ మాటలు తన భాషలోనివే. అర్థము కాలేదను సాకు గృహస్థునికి లేదు.

భార్య లేచి కూర్చుండెను. "ఏమండీ, ఎవరో పెద్దావిడ వలె ఉన్నది. తలుపు తీసి చూడరాదా?"

"డబ్బిచ్చి తీసికొన్న గది. మనమేమైన సత్రము నడుపుచున్నామా? తెల్లవారుజామున లేవవలెను. పడుకో."

ఆమె మారు పలుకలేదు. ఆయనకును వెంటనే నిద్ర పట్టలేదు. కొంతసేపటికి మాటలు సద్దుమణిగెను. వారెచ్చటికో పోయి ఉందురని ఆయన తన మనస్సునకు చెప్పుకొనెను.

నాలుగున్నర గంటలకు సామాను తీసికొని తలుపు తెరచునప్పటికి వారెచ్చటికిని పోలేదని తెలిసెను. మెట్ల క్రింద ఒక చాపపై వృద్ధురాలు పడుకొని యుండెను. ఆమె కుమారుడు ఒడిలో చిన్నపిల్లను పెట్టుకొని గోడకు చేరగిలి కూర్చుండి యుండెను. హోటలు పనివాడు వానజల్లు లోపలికి కొట్టకుండ వాకిలి దగ్గర గోనెపట్టా పట్టుకొని నిలిచి యుండెను. అతడు ఎక్కడో ఉత్తరదేశమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుర్రవాడు. వారి భాష అతనికి రాదు. అతని భాష వారికి రాదు. పరచిన చాప అతనిదే. ఆ రాత్రికి అతడు పడుకొనలేదు.

అలికిడికి వృద్ధురాలు కనులు తెరచెను. "ఏ ఊరు నాయనా మీది? ఎచ్చటికి ప్రయాణము?" అని అడిగెను. గృహస్థుడు చెప్పెను. "తిరుక్కోవలూరా! అదృష్టవంతులు. మా పేర కూడ స్వామికి ఒక నమస్కారము పెట్టుము నాయనా."

"అట్లే అమ్మా" అని ఆయన గబగబ మెట్లు దిగి పోయెను.

ఇరుకైన దేహళి

తిరుక్కోవలూరు పెన్నై నదీతీరమున ఉన్న దివ్యదేశము. దానినే దక్షిణ పినాకిని అందురు. అచ్చట మూలమూర్తి పాదమెత్తి లోకములను కొలిచిన త్రివిక్రముడు. ఆ స్వామికి దేహళీశుడను పేరు కూడ కలదు. వేదాంతదేశికులు ఆయనపై దేహళీశ స్తుతి రచించిరి. దేహళి అనగా ఇంటి గడపకు చేరియున్న ఇరుకు చోటు. అంతటి త్రివిక్రమునికి ఇంత చిన్న చోటు పేర బిరుదేల వచ్చినది?

ఆ సన్నిధిలో ఒక పెద్ద, యాత్రికులకు ఆ వృత్తాంతము చెప్పుచుండగా గృహస్థుడు వినెను. ఒకప్పుడు వానరాత్రి ఒక ఆళ్వారు మృకండు మహర్షి ఆశ్రమపు దేహళిలో తల దాచుకొని పడుకొనిరి. రెండవ ఆళ్వారు వచ్చి చోటు అడుగగా, ఒకరు పడుకొనదగిన చోట ఇద్దరు కూర్చుండవచ్చునని మొదటివారు లేచి కూర్చుండిరి. మూడవవారు రాగా, ఇద్దరు కూర్చుండదగిన చోట ముగ్గురు నిలువవచ్చునని ఇద్దరును లేచి నిలిచిరి. వారిలో ఎవరికిని ఎవరును పూర్వపరిచయము లేదు. చీకటిలో ఒకరి ముఖము ఒకరికి కానరాదు. అప్పుడు నాలుగవవారెవరో నడుమ జొరబడి ఒత్తిడి చేయుచున్నట్లు తోచెను. ఒకరు భూమినే ప్రమిదగా భావించి దీపము వెలిగించిరి. మరియొకరు తమ ప్రేమనే ప్రమిదగా చేసిరి. ఆ వెలుగులో మూడవవారు స్వామిని దర్శించిరి. మూడు తిరువందాదులు అట్లు పుట్టినవి.

'పడుకొన్నవారు, కూర్చుండినవారు, నిలిచినవారు' అను మాటలు చెవిని పడగానే గృహస్థునికి తెల్లవారుజామున మెట్ల క్రింద చూచిన దృశ్యము కన్నులకు కట్టెను. తమ గదిలో ముగ్గురు పడుకొనిరి. ఆ చోట ఆరుగురు కూర్చుండవచ్చును. ఇంత చిన్న లెక్క ఆ రాత్రి తనకు తోచలేదు.

హారతి వేళ ఆయన తన పేర నమస్కరించెను. ఇంటివారి పేర నమస్కరించెను. వృద్ధురాలి నమస్కారము సమర్పింపబోయి ఆగిపోయెను. ఎవరి పేర అని చెప్పవలెను? ఆయన ఆమె పేరైన అడుగలేదు.

పూర్వపక్షము

గృహస్థుడు చేసిన పాపమేమి అని అడుగువారుందురు. వారి వాదములను త్రోసివేయరాదు. అవి మూడు.

మొదటిది: ఆయన గదికి వెల ఇచ్చెను. ఎవరి చోటును అపహరింపలేదు. రెండవది: అర్ధరాత్రి ముక్కు మొగము ఎరుగనివారికి తలుపు తీయుట వివేకము కాదు. గదిలో స్త్రీ ఉన్నది, బాలుడున్నాడు. దయ పేర ఇంటివారిని అపాయమునకు గురిచేయుట గృహస్థధర్మము కాదు. మూడవది: హోటలు వ్యాపారము. అచ్చట ధర్మసత్రపు నియమములు చెల్లవు. గదికి ఇంతమంది యని యజమాని కట్టడి చేయును. చోటు లేనివారికి చోటు చూపుట దేవస్థానములు, ప్రభుత్వములు చేయవలసిన పని.

సిద్ధాంతము

వెల సంగతి మొదట విచారింతము. హోటలు యజమాని అమ్మినదేమి? గోడలు, మంచము, పంకా, నీరు. వీనిని ఒక రాత్రి వాడుకొను హక్కు అమ్మెను. తన వద్ద లేనిదానిని ఎవడును అమ్మలేడు. ఇతరుని కష్టము విని ఊరకుండుటకు అనుమతి అతని వద్ద లేదు. కనుక దానిని అమ్మలేదు, గృహస్థుడు కొనలేదు. అద్దె రసీదు యజమానితో గల లెక్కను తీర్చును. తలుపు ఆవల నిలిచినవానితో గల లెక్క దాని వలన తీరదు. వెల ఇచ్చి తీసికొన్న గదిలో ఆ రాత్రికి గృహస్థుడే యజమాని. కనుక అతిథిధర్మము రసీదుతో పాటు ఆయన చేతికి వచ్చినదే గాని, ఆయనను విడిచి పోలేదు.

రెండవ వాదము బలమైనది. నిద్రించు బాలుని ప్రక్కన అపరిచితుని పడుకొనబెట్టుమని ఏ శాస్త్రమును చెప్పదు. పాత్రతను, దేశకాలములను విచారింపవలెననియే చెప్పును. కాని తలుపు తీసి చూడకయే అపాయమని నిర్ణయించుట విచారణ కానేరదు. గృహస్థుడు భయపడి తలుపు వేసికొనలేదు. ఆయన పలికిన మాట 'అపాయము' కాదు. 'డబ్బిచ్చిన గది' యనియే ఆయన పలికెను. భయము పిమ్మట తెచ్చుకొన్న సమాధానము. మనుష్యుడు తాను చేయని పనికి మంచి కారణమును తరువాత వెదకుకొనుట లోకములో తరచుగా జరుగునదే.

ఇచ్చటనే ఆళ్వారుల కథలోని మర్మము గ్రహింపవలెను. మొదట వచ్చిన ఆళ్వారు తమ చోటును వదలి వానలోనికి పోలేదు. చోటు వారికిని ఉన్నది. వారు మార్చుకొన్నది తాము ఉన్న తీరును మాత్రమే. పడుకొన్నవారు కూర్చుండిరి, కూర్చుండినవారు నిలిచిరి. ధర్మము సామాన్యుని సర్వస్వత్యాగము అడుగదు. శిబి చక్రవర్తి వలె శరీరమును కోసి ఇమ్మనదు. కొంచెము జరుగుమని మాత్రము అడుగును. అంత చిన్నదానిని అడుగుచున్నందుననే కాదనుటకు సాకు దొరకుట కష్టము.

గృహస్థుడు గదిలో చోటీయకున్నను చేయదగినవి ఉన్నవి. తలుపు తీసి పలుకరింపవచ్చును. గుమాస్తా సమ్మతితో వృద్ధురాలిని, పిల్లను మాత్రము లోనికి తీసికొని, తాను కుమారునితో వెలుపల కూర్చుండవచ్చును. దుప్పటి ఒకటి ఈయవచ్చును. స్నానపుగది వాడుకొననీయవచ్చును. ఏదియు సాధ్యము కానిచో ఆమె ప్రక్కన మెట్టుపై ఒక గడియ కూర్చుండి ఏ ఊరని అడుగవచ్చును. ఆ ప్రశ్న చివరకు ఆమెయే అడిగెను.

మూడవ వాదమునకు సమాధానము ఆ పనివాడే. అతడును వ్యాపారపు చోటనే ఉన్నాడు. జీతము పుచ్చుకొనువాడు. చోటీయ హక్కు లేనివాడు. అతనికున్నది ఒక చాప. యజమాని నియమము గదిని గూర్చినదే గాని చాపను గూర్చినది కాదు. గంగాతీరమున ఇంగుదీవృక్షము క్రింద శ్రీరాముడు సీతతో శయనించిన రాత్రి, గుహుడు లక్ష్మణునితో పాటు ధనుస్సు ధరించి మేలుకొని కావలి కాచెను. ఆ గుహుని పేరు వినని కుర్రవాడు ఆ రాత్రి గుహుని పని చేసెను. సత్రములు కట్టించుట సంస్థల బాధ్యత యనుట సత్యమే. వారు కట్టించునట్లు కోరవలెను, కానుకలును ఈయవలెను. కాని సత్రము కట్టుటకు సంవత్సరములు పట్టును. వృద్ధురాలి మోకాలి నొప్పి ఆ రాత్రిది.

బస చేయువాని నియమములు

పండితులు దేహళీదీపన్యాయము అని చెప్పుదురు. గడపపై పెట్టిన దీపము ఇంటిలోనికిని, వెలుపలికిని వెలుగిచ్చును. ఒక రాత్రి బస చేయువాడు అట్టి గడపపై ఉన్నవాడు. తనకు ముందు ఆ గదిలో ఉండి పోయినవానికి అతడు అతిథి వంటివాడు. తన తరువాత రాబోవువానికి ఆతిథేయుని వంటివాడు. ముందువాడు పంకాను పాడుచేయక, గోడపై ఉమ్మివేయక పోయినందుననే తనకు గది వాసయోగ్యమైనది. ఆ ఋణమును వెనుకకు తీర్చు మార్గము లేదు, ముందుకే తీర్చవలెను. కనుక నీటిని వృథా చేయరాదు. తడిబట్టలను పరుపుపై ఆరవేయరాదు. ఆకులు, పొట్లములు మంచము క్రింద త్రోసి పోరాదు. తెల్లవారుజామున గోవిందనామము పలికినను ప్రక్కగదిలోని పసిపిల్ల నిద్ర చెడని గొంతుతో పలుకవలెను. మెట్లు తుడిచినవానితో ఒక మంచిమాట పలికి పోవలెను.

గృహస్థుడు తిరుగు ప్రయాణమున ఆ హోటలు ముందు ఆగెను. బజారులో కొన్న రెండు తుంగచాపలు ఆయన చంకలో ఉండెను. వానిని పనివాని చేతికిచ్చి, మెట్ల క్రింది చోటు చేతితో చూపెను. కుర్రవాడు మొదట తెల్లబోయి, పిమ్మట నవ్వి, చుట్టలను గోడమూల నిలిపెను. ఆ పని వలన వృద్ధురాలి రాత్రి తిరిగి రాదు. ఆ సంగతి ఆయనకును తెలియును. ప్రాయశ్చిత్తము జరిగినదానిని మార్చదు, జరుగబోవుదానిని మార్చగలదు.

మన దివ్యదేశములలో స్వామి మూడు తీరులుగా వేంచేసి యుండును. కొన్నిచోట్ల పవళించియుండును; కొన్నిచోట్ల కూర్చుండియుండును; కొన్నిచోట్ల నిలిచియుండును. ఆళ్వారులు ఇరుకు దేహళిలో ఒకరికొరకు ఒకరు పాటించిన తీరులు ఇవియే. మూడడుగుల నేల యాచించి ముల్లోకములను కొలిచినవాడు, నలుగురికి చోటు చాలని దేహళిలో నాలుగవవాడై నిలిచెను. అందరును నిలిచిన పిమ్మటనే ఆయన వచ్చెను. ముందు వచ్చినవారు పడుకొనియే ఉన్నచో ఆ రాత్రి ఆయనకు నిలువ చోటెక్కడిది?

ఈ శరీరమును జీవునికి ఒక రాత్రి బసయే. దీనిని ఖాళీ చేయు వేళ మనము వ్రాసిన పుస్తకములో లేదు. ఈ బసలో, హృదయమను మిక్కిలి ఇరుకైన గుహలో, సర్వేశ్వరుడు తనను తాను కుదించుకొని మనకు చోటిచ్చి యున్నాడు. అట్టివాని దర్శనమునకు పోవు త్రోవలో తలుపు తట్టిన చప్పుడు వినబడినప్పుడు, పాము పడకను చుట్టుకొని ఓరిక్కైలో ఒక రాత్రి గడపిన యథోక్తకారిని తలంచుకొని, ప్రతి యాత్రికుడును తన పడకను కొంచెము చుట్టుకొనుగాక.